కాగితం మీద ఒక్క మాట

కాలేయ వ్యాధి గురించి మా వద్దకు వచ్చే కుటుంబాలు సాధారణంగా ఒక సంచిని వెంట తెస్తాయి. అందులో రక్తపరీక్షల కాగితాలు, స్కానింగు ఫిల్ములు, మందుల చీటీలు ఉంటాయి. మేము వైద్యులము కాము. మద్రసాలో పిల్లలకు పాఠం చెప్పుకొనేవారము. అయినా ఆ సంచి మా ముందు తెరుచుకోవడానికి కారణం ఒక్కటే. ఆ కాగితాలలో ఏమున్నదో వారికి ఎవరూ చెప్పలేదు. దుఆ చేయమని వస్తారు. కూర్చున్న కొద్దిసేపటికి, "హజ్రత్, ఇందులో ఏమి రాసి ఉందో కాస్త చదివి చెప్పండి" అంటారు.

ఇటువంటి సంచులను చూడగా చూడగా మాకు ఒక విషయం స్పష్టమైంది. రోగిని పీడించే అనిశ్చితి రెండు రకాలు. ఒకటి వైద్యశాస్త్రానికే తెలియనిది. ఈ జబ్బు ముదురుతుందా, ఇలాగే నిలిచిపోతుందా, ఎన్నేళ్ళు పడుతుంది అన్నది ఆ కోవలోనిది. రెండవది, తెలిసినవారు చెప్పకపోవడం వలన, మనం అడగకపోవడం వలన కలిగేది. మొదటి దానికి సబర్ కావాలి. రెండవ దానికి కావలసింది ప్రశ్న. మన ఇళ్ళలో ఈ రెండింటినీ కలిపివేసి, అడగవలసిన చోట నోరు మూసుకొని, ఆ మౌనానికి సబర్ అని పేరు పెడుతున్నారు. ఈ నెల దీనిని గురించే ముచ్చటించదలచాము.

కడప జిల్లాకు చెందిన మా పూర్వ విద్యార్థి ఒకడు కువైట్‌లో డ్రైవరు ఉద్యోగానికి ఎంపికయ్యాడు. గల్ఫ్ దేశాలకు పని మీద వెళ్ళేవారికి వీసాకు ముందు జరిపే వైద్య పరీక్షలలో హెపటైటిస్-బి, హెపటైటిస్-సి పరీక్షలు కూడా ఉంటాయి. అవి పాజిటివ్ అని తేలితే 'అన్‌ఫిట్' అంటారు. అతనికి ఆ ఒక్క మాటే చెప్పి పంపారు. ఎందుకని అడిగితే, కౌంటరులోని వ్యక్తి కాగితం మీద ఒక పంక్తిని వేలితో చూపాడు. 'ఆస్ట్రేలియా యాంటిజెన్ - పాజిటివ్' అని ఉన్నది. ఏజెంటుకు కట్టిన సొమ్ము, దాని కోసం తెచ్చిన అప్పు ఒక ఎత్తు. ఆ పంక్తి ఒక ఎత్తు. "మా వాడు ఆస్ట్రేలియా ముఖం కూడా చూడలేదే" అని తల్లి విస్తుపోయింది. ఫోనులో వెదికితే మొదట కనబడినది క్యాన్సర్ అన్న మాట. ఇరవై రోజులు అతడు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తన ఊపిరి వలన పక్కవారికి సోకుతుందేమోనని మస్జిదుకు రావడం మానివేసి ఇంట్లోనే నమాజు చేసుకొన్నాడు.

ఆ పేరు వెనుక కథ చిన్నదే. 1960లలో అమెరికా శాస్త్రజ్ఞుడు బరూక్ బ్లంబర్గ్, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలో ఒక కొత్త ప్రోటీనును గుర్తించాడు. అందుకే దానికి ఆ పేరు వచ్చింది. అది హెపటైటిస్-బి వైరస్ పైపొరకు చెందినదని తరువాత తేలింది. ఆయనకు 1976లో నోబెల్ బహుమతి లభించింది. ఆయన పుట్టిన తేదీ అయిన జులై 28ని ప్రపంచ హెపటైటిస్ దినంగా పాటిస్తున్నారు. ఇంతకాలం గడిచినా మన లేబొరేటరీల కాగితాల మీద ఆ పాత పేరు ఇంకా కనిపిస్తూనే ఉన్నది. చదివేవాడికి ఏమి అర్థమవుతుందన్న ఆలోచన ముద్రించేవాడికి లేకపోవడం తప్ప దీనికి వేరే కారణం మాకు తోచదు.

ఆ పంక్తి చెప్పేది ఒక్కటే: ఈ మనిషి శరీరంలో హెపటైటిస్-బి వైరస్ ఉన్నది. అది ఎప్పటి నుండి ఉన్నదో చెప్పదు. కాలేయం దెబ్బతిన్నదో లేదో చెప్పదు. మందు అవసరమో కాదో చెప్పదు. క్యాన్సర్ అని అసలే చెప్పదు. ఈ వైరస్ రక్తం ద్వారా, దాంపత్య సంబంధం ద్వారా, ప్రసవ సమయంలో తల్లి నుండి బిడ్డకు సోకుతుంది. ఊపిరి ద్వారా సోకదు. సఫ్‌లో భుజానికి భుజం కలిపి నిలబడితే సోకదు. ముసాఫహా చేస్తే, ఆలింగనం చేసుకొంటే, ఒకే దస్తర్‌ఖాన్ మీద ఒకే పళ్ళెంలో తింటే సోకదు. మా విద్యార్థి మస్జిదుకు దూరమైన ఆ ఇరవై రోజులకు కారణం జబ్బు కాదు. కౌంటరు వద్ద రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకపోవడమే కారణం.

ఆ తరువాత అతడు ఒక కాలేయ వైద్యుని వద్దకు వెళ్ళాడు. అక్కడ కథ తేలిపోతుందని ఆశించాడు, తేలలేదు. ఆరు నెలల తరువాత మళ్ళీ పరీక్ష చేయించుకొని రమ్మన్నారు. ఇంటిల్లిపాదికీ ఇది అన్యాయంగా తోచింది. జబ్బు ఉన్నదంటారు, మందు ఇవ్వరు, ఆరు నెలలు ఆగమంటారు, ఇదేమి వైద్యం?

ఇక్కడ మనం కొంత ఓపికగా తెలుసుకోవలసినది ఉన్నది. పెద్ద వయసులో ఈ వైరస్ సోకినవారిలో నూటికి తొంభై అయిదు మందికి పైగా శరీరమే దానిని తరిమివేస్తుంది. పుట్టిన సమయంలో, పసితనంలో సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. ఈ రెంటిలో ఎవరిది ఏ వర్గమో ఒక్క పరీక్షతో తేలదు. ఆరు నెలలు దాటినా వైరస్ పోకపోతే దానిని 'క్రానిక్' అంటారు. అంటే ఆ ఆరు నెలలు కూడా పరీక్షలో భాగమే. వైద్యుడు 'చూద్దాం' అన్నప్పుడు తప్పించుకొంటున్నాడని ప్రతిసారీ అనుకోనక్కరలేదు. కొన్నిసార్లు అదే నిజాయితీ గల జవాబు. కాని ఎందుకు ఆగమంటున్నాడో చెప్పకపోతే రోగికి ఆ నిజాయితీ కనబడదు, నిర్లక్ష్యమే కనబడుతుంది.

ఆరు నెలల తరువాతా వైరస్ ఉన్నది. అప్పుడు రక్తంలో వైరస్ ఎంత ఉన్నదో చూశారు. కాలేయ కణాలు దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ చూశారు. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేశారు. ఇందులో కోత, సూది ఏమీ లేవు. పక్కటెముకల మీద పరికరాన్ని ఆనించి కొలుస్తారు. అన్నీ బాగానే ఉన్నాయి. మందు అక్కరలేదు, ఆరు నెలలకు ఒకసారి వచ్చి చూపించుకోవాలి అన్నారు. నాలుగేళ్ళుగా అతడు అలాగే చేస్తున్నాడు. ఇకముందు ఎప్పుడైనా వైరస్ విజృంభించవచ్చు, ఎన్నటికీ విజృంభించకపోవచ్చు. ఇది మాత్రం అల్లాహ్‌కే తెలుసు. మేము మొదట చెప్పిన సబర్ కావలసిన చోటు ఇదే. గల్ఫ్ దారి మూసుకుపోయింది. ఏజెంటు సొమ్ము తిరిగి రాలేదు. ఊరిలోనే లారీ నడుపుకొంటూ అప్పు తీర్చుకొంటున్నాడు.

అతడు ఒంటరివాడు కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో 25 కోట్ల 40 లక్షల మందిలో ఈ వైరస్ దీర్ఘకాలంగా ఉన్నది. అందులో మన దేశంలోనివారు సుమారు 2 కోట్ల 98 లక్షలు. ఏ మహల్లాలోనైనా ఒకరిద్దరు ఉండే అవకాశం ఉన్నది. చాలామందికి ఆ సంగతి తెలియదు. కాలేయం నొప్పి చెప్పని అవయవం. చాలా భాగం దెబ్బతిన్న తరువాత గాని బయటపడదు. బక్రీదు నాడు కలేజీ వేపుడు కోసం ఎదురుచూసే మనకు, మన పక్కటెముకల కింద కుడివైపున సుమారు కిలోన్నర బరువుతో మౌనంగా పనిచేస్తున్న కలేజా గుర్తుకు రాదు.

మాటలు తెచ్చే తంటాలు ఇంకా ఉన్నాయి. "పాజిటివ్ అంటే మంచిదే కదా?" అని ఒక పెద్దమనిషి మమ్మల్ని అడిగారు. ఆయన తప్పేమీ లేదు. పాజిటివ్‌గా ఆలోచించమని అందరూ చెబుతూనే ఉంటారు. 'క్రానిక్' అన్న మాటను చాలామంది 'ముదిరిపోయింది' అని వింటారు. నిజానికి దాని అర్థం 'చాలాకాలంగా ఉన్నది' అని మాత్రమే. తీవ్రతకూ ఆ మాటకూ సంబంధం లేదు. హెపటైటిస్-బి, సి ఒకటే అనుకొనేవారు మరెందరో. సి వచ్చినవారిలో నూటికి తొంభై అయిదు మందికి పైగా సాధారణంగా 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. బి వైరస్‌ను మాత్రలతో అణచి ఉంచగలరు గాని సాధారణంగా పూర్తిగా తొలగించలేరు. ఒక్క అక్షరం తేడాను ఎవరూ విడమరచి చెప్పక, నయమయ్యే జబ్బును నయం కానిదనుకొని ఇంట్లో కూర్చున్నవారిని మేము ఎరుగుదుము.

వైద్యులందరినీ నిందించడం మా ఉద్దేశం కాదు. ఓపీలో ఉదయం నుండి బారులు తీరిన జనాన్ని చూసే వైద్యుడు ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు ఇవ్వగలడు? అయినప్పటికీ, దేశంలోని వైద్యుల ప్రవర్తనకు 2002లో చేసిన నియమాలు రోగి స్థితి తీవ్రతను పెంచీ చెప్పరాదని, తగ్గించీ చెప్పరాదని అంటున్నాయి. రోగి గాని, అతని తరఫువారు గాని కోరితే చికిత్స పత్రాలను 72 గంటలలో ఇవ్వాలని కూడా వాటిలో ఉన్నది. అంటే ఆ కాగితాలు అడగడం మర్యాద తప్పడం కాదు. వెనుకటి కాలపు మహావైద్యుడు రాజీ, వైద్యుడు అందుబాటులో లేనివారి కోసమని ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. నేడు వైద్యుడు బల్లకు అవతల ఎదురుగా కూర్చొని ఉన్నా అందుబాటులో లేడు. అటువంటివారికి ఏ గ్రంథం రాయాలో!

మనం చేయగలిగినది మనం చేయాలి. వైద్యుని గదిలోకి వెళ్ళే ముందు ప్రశ్నలను కాగితం మీద తెలుగులో రాసుకోండి. చదువు వచ్చిన ఒక మనిషిని వెంట తీసుకొని వెళ్ళండి, ఏడుగురు వద్దు. జబ్బు పేరు రాసి ఇమ్మని అడగండి. కాలేయం గట్టిపడటం మొదలైందా, మొదలైతే ఇంకా తన పని తాను చేసుకొంటున్నదా అని అడగండి. మందు ఇస్తే ఎంతకాలమో, మధ్యలో మానితే ఏమవుతుందో అడగండి. హెపటైటిస్-బి మాత్రలను, ఒంట్లో బాగున్నదని సొంతంగా మానివేస్తే వైరస్ ఒక్కసారిగా చెలరేగి ప్రాణం మీదికి రావచ్చు. ఈ ఒక్క సంగతి చెప్పకపోవడం వలన జరిగే అనర్థం చిన్నది కాదు. ఏ లక్షణం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రావాలో కూడా అడగండి. రక్తపు వాంతి, తారులాంటి నల్లని విరేచనం, కామెర్లు ఉన్న మనిషి మగతలోకి జారడం లేదా పొంతన లేకుండా మాట్లాడడం, ఉబ్బిన పొట్టతోపాటు జ్వరం, నొప్పి, ఇవి ఆగదగినవి కావు.

గది నుండి లేచే ముందు ఇంకొక పని ఉన్నది. హిఫ్జ్ చేసే పిల్లవాడు ఆ రోజు సబక్‌ను ఉస్తాదుకు తిరిగి వినిపిస్తాడు. వినిపించనిదే పాఠం వచ్చినట్టు లెక్క కాదు. అదే విధంగా, "డాక్టరు గారూ, నాకు అర్థమైనది ఇది, సరియేనా?" అని మీరు విన్నదాన్ని రెండు మాటలలో తిరిగి చెప్పండి. తప్పు విని ఉంటే అక్కడే దిద్దుతారు. విసుక్కొనే వైద్యుడూ ఉంటాడు. విసుక్కోనివ్వండి. ఇంటికి వచ్చి నెలల తరబడి ఊహలతో కాలిపోవడం కంటే అది తేలిక.

ఇప్పటి వరకు ఆసుపత్రి సంగతి చెప్పాము. మన ఇళ్ళ సంగతి దీనికంటే మెరుగుగా లేదు.

గర్భిణీ పరీక్షలలో ఒక కోడలికి ఇదే వైరస్ బయటపడింది. నర్సు ఆ మాటను అత్తగారి చెవిలో వేసింది, అమ్మాయికి చెప్పలేదు. ఆ రోజు నుండి ఆమెకు వేరే పళ్ళెం, వేరే గ్లాసు పెట్టారు. వంటగదిలోకి రానివ్వలేదు. విశ్రాంతి ఇస్తున్నారని ఆమె మొదట సంతోషించిందట. తోటికోడలు నోరు జారితే గాని అసలు కారణం తెలియలేదు. ఏడవ నెలలో ఆ తల్లి మనసు ఎంత కుమిలి ఉంటుందో ఊహించండి. పళ్ళెం వేరు చేసినందువలన ఎవరికీ ఇసుమంత రక్షణ కలగలేదు. చేయవలసిన పనులేమో ఒక్కటీ చేయలేదు. బిడ్డ పుట్టిన 24 గంటలలోగా మొదటి టీకా, దానితోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ వీలైనంత త్వరగా పడాలి. ఎక్కడ కాన్పు చేయించినా ఆ ఏర్పాటు ముందే చూసుకోవాలి. తల్లి రక్తంలో వైరస్ అధికంగా ఉంటే చివరి నెలలలో ఆమెకు మాత్రలు ఇస్తారు. టీకా పడిన బిడ్డకు నిశ్చింతగా పాలివ్వవచ్చు. భర్త, ఇంటిలోని మిగిలినవారు రక్తపరీక్ష చేయించుకొని, వైరస్ లేనివారు మూడు మోతాదుల టీకా వేయించుకోవాలి. మన దేశంలో శిశువులకు ఈ టీకా 2011 నాటికి గాని అన్ని రాష్ట్రాలకూ విస్తరించలేదు. కాబట్టి పెద్దలలో చాలామందికి అది పడి ఉండదు. మా వద్దకు వచ్చింది ఆమె పుట్టింటివారు. అల్లాహ్ దయవలన అప్పటికి ఇంకా సమయం ఉన్నది. జిల్లా ఆసుపత్రిలో కాన్పు జరిగి బిడ్డకు రెండూ అందాయి. అత్తగారు పళ్ళెం కలపడానికి మాత్రం ఇంకొక ఏడాది పట్టింది.

పళ్ళెం విషయంలో అంత జాగ్రత్త చూపే మనం రక్తం విషయంలో చూపము. హిజామా చేయించుకోవడం ఈ మధ్య మనలో బాగా పెరిగింది. మంచిదే. కాని అందులో చర్మం మీద బ్లేడుతో గాట్లు పెడతారు, రక్తం బయటికి వస్తుంది. ప్రతి మనిషికీ కొత్త బ్లేడు, కొత్త కప్పులు వాడుతున్నారా అని చూడకుండా కూర్చోవద్దు. ఖత్నా చేయించే చోట, క్షౌరశాలలో, హజ్, ఉమ్రా ప్రయాణాలలో శిరోముండనం చేయించుకొనే చోట కూడా ఇదే జాగ్రత్త కావాలి. ఇంట్లో రేజరు, పళ్ళ బ్రష్షు, గోళ్ళ కత్తెర ఎవరివి వారివే ఉండాలి. వేరు చేయవలసినవి ఇవి.

ఇక పెద్దవారి నుండి జబ్బును దాచే అలవాటు. దీని గురించి మా అభిప్రాయం కొందరికి కఠినంగా తోచవచ్చు.

మాకు బాగా తెలిసిన ఒక వృద్ధుడు, అయిదు పూటలా మొదటి సఫ్‌లో కనిపించే మనిషి. ఆయనకు సిర్రోసిస్ అని తేలింది. అంటే కాలేయం గట్టిపడి మచ్చలు కట్టిన స్థితి. ఆయన జీవితంలో మద్యం ముట్టినవారు కారు. ఇరవై ఏళ్ళుగా ఉన్న చక్కెర జబ్బు, స్థూలకాయం, కాలేయంలో పేరుకొన్న కొవ్వు ఇంతదూరం తెచ్చాయని వైద్యులు చెప్పారు. కుమారులు ఆ మాటను తండ్రికి చెప్పలేదు. "లివర్ పాడైందంటే తాగుతాడని అంటారు, అబ్బా పరువు పోతుంది" అన్నది వారి భయం. గ్యాస్ అని చెప్పారు. మస్జిదులో ఎవరు అడిగినా గ్యాసే.

గ్యాస్ అనుకొన్న మనిషి గ్యాసుకు తగినట్టే నడుచుకొన్నాడు. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో దొరికే నొప్పి మాత్రలు వేసుకొంటూనే ఉన్నాడు. సిర్రోసిస్ ఉన్నవారికి అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, లోపల రక్తస్రావానికి దారితీస్తాయి. పొట్టలో నీరు చేరేవారు ఉప్పు తగ్గించాలి. ఆయన ఊరగాయ మానలేదు. ఎందుకు మానాలి? ఎవరు చెప్పారు? ఇవన్నీ ఒక ఎత్తు. కాలేయం శుద్ధి చేయవలసిన మలినాలు రక్తంలో పేరుకొన్నప్పుడు వాటి ప్రభావం మెదడు మీద పడుతుంది. మనిషి మగతగా ఉంటాడు, పగలు రాత్రి తేడా తెలియదు, మాట తడబడుతుంది. అంటే ఈ జబ్బులో ముఖ్యమైన విషయాలు మాట్లాడగలిగే వ్యవధి ప్రాణం పోయేదాకా ఉంటుందన్న హామీ లేదు. ఆయన విషయంలో అదే జరిగింది. ఒక స్నేహితునితో నోటిమాట మీద నడిచిన వ్యాపారపు లెక్క ఉన్నది. చెల్లెలికి ఇవ్వవలసిన పొలం వాటా తేలలేదు. వసీయత్ రాయలేదు. తెలిసి ఉంటే అన్నీ చక్కబెట్టుకొనే మనిషే. చివరి నెలలో కుమారులు అడిగితే ఆయన చెప్పలేకపోయారు. ఆ చెల్లెలికీ అన్న కొడుకులకూ ఇప్పుడు మాటలు లేవు.

రుణం, వారసత్వం, వసీయత్ విషయంలో మన ధర్మం ఎంత పట్టుదల చూపుతుందో పాఠకులకు తెలుసు. వాటిని తీర్చుకొనే వ్యవధిని ఒక మనిషి నుండి ప్రేమ పేరుతో లాక్కోవడం మాకు సమ్మతం కాదు. అందరికీ అన్నీ ఒకేసారి కుమ్మరించమని మేము అనడం లేదు. "అబ్బా, రిపోర్టు వచ్చింది, డాక్టరు చెప్పింది మీకు చెప్పమంటారా, మమ్మల్నే చూసుకోమంటారా?" అని అడగండి. 'మీరే చూసుకోండి' అనే పెద్దలు ఉంటారు. వారి మాటకు విలువ ఇవ్వండి. కాని ఆ ఎంపిక ఆయనది. దానిని కుమారులు చేయరాదు.

దాచవలసినది ఒకటి ఉన్నది, దానిని మనం దాచము. రోగి అనుమతి లేకుండా అతని జబ్బును బంధువులకు, మహల్లాకు చేరవేయడం అమానత్‌లో ఖియానత్. చెప్పవలసిన రోగికి చెప్పక, చెప్పనక్కరలేని ఊరికి చెప్పడం మనలో పరిపాటి అయింది.

కామెర్లకు పసరు మందు గురించి అడిగేవారికి ఒక మాట. కలుషిత నీటి వలన వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందికి కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గుతాయి. ఆ కీర్తి పసరుకో, ఒంటి మీద పెట్టిన వాతకో దక్కుతుంది. నేలఉసిరి హెపటైటిస్-బికి పనిచేస్తుందని 1988లో మద్రాసు నుండి ఒక పరిశోధన వెలువడి చాలా ఆశలు రేపింది. తరువాతి పరిశోధనలు దానిని బలపరచలేదు. ఏమి కలిపారో తెలియని మందు అసలే అలసిన కాలేయానికి విషం కావచ్చు. రోగి దాని వైపు ఎందుకు వెళుతున్నాడో కూడా చూడాలి. పసరు ఇచ్చే మనిషి అరుగు మీద కూర్చోబెట్టి అరగంట మాట్లాడతాడు.

రమజాన్ ఉపవాసాల గురించి కూడా అడుగుతుంటారు. వ్యాధిగ్రస్తులకు సడలింపు దివ్య ఖుర్ఆన్‌లోనే ఉన్నది. వైరస్ ఉండి కాలేయం బాగున్నవారు చాలామంది ఉపవాసం ఉండగలరు. పొట్టలో నీరు చేరిన, మగత వచ్చిన రోగులకు అది ప్రమాదం. మధ్యలో ఉన్నవారు షాబాన్ నెలలోనే తమ వైద్యుణ్ణి అడిగి, మాత్రల వేళ మార్చుకోవచ్చునేమో తెలుసుకోవాలి. వైద్యుడు వద్దన్నాక మొండికేసి ఉండడం తఖ్వా కాదు.

ఖర్చుకు భయపడి ఆగినవారికి: కేంద్ర ప్రభుత్వం 2018 జులై 28న ప్రారంభించిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్-బి, సి పరీక్షలు, మందులు ఉచితం. జిల్లా ఆసుపత్రిలో గాని, ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో గాని విచారించండి.

చివరగా, మా విద్యార్థి పెళ్ళి సంగతి. అతనికి గత సంవత్సరం సంబంధం కుదిరినప్పుడు, అమ్మాయి వారికి చెప్పాలా వద్దా అని ఇంట్లో వాదన జరిగింది. తల్లి వద్దన్నది. మందే అవసరం లేని జబ్బు, ఎందుకు చెప్పాలి అన్నది. అతడు మమ్మల్ని అడిగాడు. చెప్పాలి అన్నాము. దాంపత్యం ద్వారా సోకగల విషయాన్ని దాచి నికాహ్ చేసుకోవడం మోసం. అయితే 'నాకు లివర్ జబ్బు ఉన్నది' అని ఒక్క మాట విసిరి రావడం కూడా చెప్పడం కాదు; అతనికి కౌంటరు వద్ద జరిగినదే అక్కడా జరుగుతుంది. రిపోర్టులు తీసుకొని, వైద్యుని వద్దకు అమ్మాయి తండ్రినీ వెంట పిలుచుకొని వెళ్ళమన్నాము. మొదటి సంబంధం వారు విని వెనుదిరిగారు. రెండవవారు ప్రశ్నలు అడిగారు. అమ్మాయి రక్తపరీక్ష చేయించుకొని మొదటి టీకా వేయించుకొన్నది, నెలకు రెండవది, ఆరవ నెలలో మూడవది. ఆపైన నెల రోజులకు రక్షణ ఏర్పడిందో లేదో రక్తంలో చూశారు. ఏర్పడింది. నికాహ్ తేదీని ఆ లెక్క ప్రకారమే పెట్టుకొన్నారు. కాబట్టి ఈ మాట ఎత్తవలసినది షాదీఖానా మాట్లాడుకొన్న తరువాత కాదు, సంబంధం మాట వచ్చినప్పుడే. టీకాకే ఆరు నెలలు పడుతుంది.